ఫైన్ అండ్ మెల్లో: పన్నెండు బార్ల మాట

ఈరోజు పాట బిల్లీ హాలిడే పాడిన ‘ఫైన్ అండ్ మెల్లో’. రాసింది కూడా ఆవిడే. మొదట 1939లో రికార్డు చేశారు గానీ, మీరు చూడాల్సింది 1957 డిసెంబరులో సీబీఎస్ టీవీలో పాడినది.

ఇది బ్లూస్. పన్నెండు బార్ల వరుస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఆవిడ పాడాక బెన్ వెబ్‌స్టర్ శాక్సఫోన్ నిండుగా, బరువుగా వస్తుంది. తర్వాత లెస్టర్ యంగ్ లేచి నిలబడతారు. అప్పటికే మనిషి బాగా నీరసించారు. ఒక్క ఆవృత్తమే వాయిస్తారు. కొన్నే స్వరాలు, మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ సమయంలో హాలిడే ముఖం చూడండి, ప్రతి స్వరానికీ తల ఊపుతూ ఉంటారు.

ఆవిడకి ‘లేడీ డే’ అని పేరు పెట్టింది ఆయనే. 1959లో నాలుగు నెలల తేడాతో ఇద్దరూ వెళ్ళిపోయారు. ఎంత వాయించారన్నది కాదండీ, ఎక్కడ ఆగారో వినండి. ఉంటాను.