నక్షత్రం దించే రోజు



క్రిస్మసుకు వాకిట కట్టిన నక్షత్రాన్ని ఎప్పుడు దించాలి? జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ, అనగా జనవరి 6తో అని కొందరంటారు. బాలయేసును దేవాలయంలో సమర్పించిన నలువదవ దినము, ఫిబ్రవరి 2 వరకు ఉంచవచ్చునని మరికొందరు. మా ఇంట మాత్రం సెలవులు ముగిసి పిల్లలు ఊరు విడిచిన మరునాడే ఆ పని. మంచుకు కాగితం పాడవుతుంది గదా!

రంగుకాగితాల తోరణాలు తెంపుతుంటే నాకు విచారముండదు. గోడలు తేటపడితే ప్రాణానికి హాయి కూడాను. నక్షత్రం దగ్గరే చెయ్యి ఆగుతుంది. దాని వెదురు బద్దలు మావారు చీల్చి కట్టినవి. ఆయన ప్రభువునందు నిద్రించి నాలుగేండ్లు. ఏటేటా కాగితం మారుస్తాం, బద్దలు మార్చము. మొన్న పండుగకు చిన్నవాడు ప్లాస్టిక్ నక్షత్రం కొనితెచ్చాడు. బాగానే వెలిగింది, రెండూ కట్టించాను. ఆ బద్దలను పాత చీరలో చుట్టి, పురుగు పట్టకుండా వేపాకు వేసి, అటక మీద పెట్టాను.