స్టీరింగులో వచ్చే ప్లే: చేతికి, చెవికి తెలిసే సంగతులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

  కమిటీవారు "ఏదైనా పనికొచ్చే విషయం చెప్పండి, ఆయ్, పావుగంట చాలండి" అన్నారు. నాకు తెలిసినది ఒక్కటే. ఇరవై ఎనిమిదేళ్ళుగా చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో కార్లకి కావలసిన చిన్నచిన్న భాగాలు తయారుచేయిస్తున్నాను. అందులో స్టీరింగు గురించి చెబుతాను.

ముందు వరసలో మా సైన్సు మేష్టారు కూర్చున్నారు. 1986 వరద వచ్చిన ఏడు నేను పదో తరగతి. లంకల నుంచి వచ్చే పిల్లలందరివీ సైకిళ్ళే. మేష్టారు గేటు దగ్గర ఎవడి సైకిలో ఒకటి ఆపి, ముందు బ్రేకు పట్టుకుని, హ్యాండిల్ కింద వేలు పెట్టి, సైకిలును ముందుకీ వెనక్కీ ఊపేవారు. "టక్కుమందిరా. బాల్స్ అరిగాయి. సాయంత్రం షాపుకి పోయిగాని ఇంటికెళ్ళకు" అనేవారు. మేష్టారూ, ఇప్పటికీ మా ఫ్యాక్టరీలో కోట్ల రూపాయల యంత్రాలు చేసేది ఆ పనేనండి. ఊపి చూడటం, టక్కుమంటుందేమో వినటం.

మీరు స్టీరింగు తిప్పితే ఆ తిప్పుడు కిందికి ఒక రాడ్డు మీదుగా పోయి, పళ్ళున్న ఒక కడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. దాన్ని రాక్ అంటారు. రాక్ రెండు చివర్ల నుంచి రెండు టై రాడ్లు చక్రాల దాకా వెళ్తాయి. చక్రం దగ్గర టై రాడ్ ఎండ్ ఉంటుంది. గిన్నెలో గోళీలాగ ఒక ఇనప గుండు, దాని చుట్టూ గట్టి ప్లాస్టిక్ గిన్నె, లోపల గ్రీజు, పైన రబ్బరు బూటు. మనిషి తుంటి కీలులాంటిదే. మీ కారు ఎటు పోవాలో ఆఖరికి తేల్చేది ఉసిరికాయంత ఆ గుండే.

గుండు దానంతటది తొందరగా అరగదు. ముందు రబ్బరు చిరుగుతుంది. గ్రీజు బయటికి, నీళ్ళూ ఇసకా లోపలికి. ఆ తరవాత ఎంతోకాలం పట్టదు. మన కోనసీమలో రబ్బరుకి పనెక్కువ. వానాకాలం బురద, ఊరికి నాలుగు స్పీడు బ్రేకర్లు, సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పుగాలి. వీటన్నిటికీ తోడు వరద.

ఇక్కడ నా సిగ్గుమాలిన కథ చెప్పాలి. 2022 జూలై వరదలో లంకలో ఉండే మా బాబాయి కారు సగం చక్రం దాకా నీళ్ళలో రెండు రోజులు నిలబడింది. నీళ్ళు తీశాక సీట్లు ఎండబెట్టారు, ఆయిల్ మార్పించారు. కిందకి వంగి రబ్బరు బూట్లు చూసినవాళ్ళు లేరు. ఆ మరుసటి సంక్రాంతికి నేనొచ్చాను. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ఆ కారు నేనే తీశాను. బాబాయి పక్కన, పిన్ని వెనక. వీధి మలుపులోనే టక్కుమంది. "అదేంటి బాబాయ్?" అన్నాను. "అది దీపావళి నుంచీ ఉందిరా. మెకానిక్కు ఫర్వాలేదన్నాడు" అన్నాడు. ఆ భాగం తయారుచేసే ఫ్యాక్టరీలో జీతం తీసుకునే నేను, సరేనని ఊరుకున్నాను. పండగపూట కారెందుకు ఆపాలి, పిన్ని పట్టుచీర కట్టుకుని కూర్చుంటేనూ.

తిరిగి వస్తుంటే కాలవగట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ. దారివ్వడానికి ఎడమకి కోశాను. కింద ఫట్‌మంది. కుడి చక్రం నా మాట వింటోంది, ఎడమ చక్రం దానిష్టం దానిది. తీర్థం జనం వల్ల ఇరవై లోపు వేగంలో ఉన్నాం కాబట్టి గట్టుమీది కొబ్బరిచెట్టుకి గుద్దుకుని ఆగాం. చెట్టు అవతల రెండు గజాల్లో కాలవ. పిన్నికి నుదురు పగిలి నాలుగు కుట్లు పడ్డాయి. కారు ఎత్తి చూస్తే చిరిగిన బూటులో గ్రీజు లేదు, గోదావరి ఒండ్రు ఉంది. గుండు గిన్నెలోంచి బయటికొచ్చేసింది. మెకానిక్కుని తిడదామని నోటిదాకా వచ్చింది. కాని ఆయన విన్న టక్కు నేనూ విన్నానుగా.

ఇక మీరు చూసుకోవలసినవి. మన దేశపు మోటారు వాహనాల నిబంధనలు, 1989 లోనివి, 98వ నిబంధన ప్రకారం స్టీరింగులో ప్లే 30 డిగ్రీలు మించకూడదు. బాల్ జాయింట్లకి రబ్బరు టోపీలు ఉండాలని కూడా అందులోనే ఉంది. 30 డిగ్రీలంటే గడియారంలో ఒక గంట, మామూలు స్టీరింగు అంచు మీద దాదాపు 10 సెంటీమీటర్లు. నా ఉద్దేశంలో అది చాలా ఉదారం. ఇప్పటి కార్లలో 3 సెంటీమీటర్లు దాటితే నేను అనుమానిస్తాను. పాత సినిమాల్లో హీరో తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగు అటూ ఇటూ ఊపుతుండటం చూసే ఉంటారు. మన చిన్నప్పటి అంబాసిడర్ టాక్సీల్లో నిజంగానే అలా ఊపవలసి వచ్చేది. ఇప్పుడు ఊపవలసి వస్తే అది రోగం.

ఇద్దరుంటే పరీక్ష రెండు నిమిషాలు. కారు నేలమీదే, హ్యాండ్ బ్రేకు వేసి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగు తాళం తీసి, అరంగుళం అటూ అరంగుళం ఇటూ కదపాలి. ఇంకొకరు ముందు చక్రం వెనక నుంచి టై రాడ్ ఎండ్ మీద చెయ్యి ఆనించాలి. కీలు బాగుంటే రాడ్డూ చక్రమూ ఒక్కసారే కదులుతాయి. అరిగితే రాడ్డు ముందు, చక్రం తరవాత. ఆ తేడా వేళ్ళకి తెలుస్తుంది. చక్రం జాకీ మీద లేపితే, తొమ్మిది, మూడు గంటల దగ్గర పట్టుకుని ఊపండి. వదులుంటే ఎక్కువగా టై రాడ్‌ది. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుంటే ఊగేది కింది బాల్ జాయింటో, బేరింగో. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరకండి, కింద స్టాండు పెట్టుకోండి.

టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాయండి. ఒకవైపు నున్నగా, తిరిగొస్తుంటే రంపంలా గీసుకుంటే చక్రాలు తిన్నగా లేవని అర్థం. కాని కారు ఒక పక్కకి లాగితే ముందు టైర్లలో గాలి చూడండి. ఎనభై మీద స్టీరింగు వణికితే ముందు బ్యాలెన్సింగు చేయించండి. ఇవి చూడకుండానే "రాక్ మొత్తం మార్చాలి సార్" అనేవాళ్ళకి దండం పెట్టి రండి.

టై రాడ్ ఎండ్ అరిగిందంటే రిపేరు లేదు, మార్చడమే. గ్రీజు కుక్కి కొత్త రబ్బరు తొడిగితే అరిగిన గిన్నె పూడదు. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు బిగించమనండి. ఇంటికి రావడానికి అది సరిపోతుంది, ఆ తరవాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు. నట్టుకి స్ప్లిట్ పిన్ ఉంటే కొత్తది వెయ్యాలి, పాత పిన్ను తిన్నగా కొట్టి మళ్ళీ దూర్చనివ్వకండి. రబ్బరు మాత్రమే చిరిగి కీలు గట్టిగా ఉందా, ఆ వారంలోనే చూపించండి.

రేపు పొద్దున్న ఏడింటికి మన గ్రౌండులో ఉంటాను. జాకీ, స్టాండ్లు తెమ్మని మా తమ్ముడికి చెప్పాను. కార్లున్నవాళ్ళు తీసుకురండి, ముఖ్యంగా వరద చూసిన కార్లు. మేష్టారు కూడా వస్తానన్నారు. వేలు పెట్టి చూసే పని ఆయనదే.