మన పిల్లలు, మద్యపానం, మన మౌనం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడే మేము ఈసారి మద్యపానం గురించి మాట్లాడతామంటే సంఘం పెద్దలు కొంచెం తటపటాయించారు. "ఆడవాళ్ళు కూడా వస్తారు మాస్టర్ సాబ్, అయినా మన వాళ్ళలో అది లేదు కదా" అన్నారు. ఆడవాళ్ళు వస్తారు గనుకనే మాట్లాడాలని మనవి చేశాము. ఇక మన వాళ్ళలో లేదన్న మాట నిజమైతే ఎంత బాగుండేది!

నాలుగేళ్ళ క్రితం మన ఊళ్ళోనే ఒక పెళ్ళి జరిగింది. షాదీఖానా వెనుక ఆరుగురు కుర్రాళ్ళు చేరారు. అందులో నలుగురు మా దగ్గర చదువుకున్నవారే. వాళ్ళేమీ రోజూ తాగేవాళ్ళు కాదు. ఏడాదికి రెండుమూడు సార్లు, పెళ్ళికో, కొత్త సంవత్సరం రాత్రికో. కాని తాగిన రోజున పందెం వేసుకుని ఒక్క గుక్కలో తాగుతారు. ఆ రాత్రి పందొమ్మిదేళ్ళ కుర్రాడొకడు గంటలోపల ఒక క్వార్టరూ, మరో సగమూ తాగి పడిపోయాడు. స్నేహితులు మొహాన నీళ్ళు కొట్టారు, మజ్జిగ పోయబోయారు. పెద్దలకు చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు. డాబా మీదికి మోసుకెళ్ళి వెల్లకిలా పడుకోబెట్టి, "పొద్దున్నకి దిగిపోతుందిలే" అని వెళ్ళిపోయారు. ఫజర్ అజాన్ వేళకు ఎవరో చూసేసరికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి శ్వాస ఆడడం లేదు. పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులుంచి బ్రతికించారు. అల్లాహ్ దయ.

అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ఇంటివాళ్ళు పెళ్ళి భోజనం పడలేదని చెప్పారు. పరామర్శకు వెళ్ళిన మనమంతా అవునన్నాము. మేమూ అన్నాము. నిజం మాకు తెలుసు. ఆ అబద్ధం వల్ల ఆ పెళ్ళిలో వండిన బావర్చీకి కొన్ని నెలలు ఎవరూ దావత్ ఒప్పజెప్పలేదు. మన ఇజ్జత్ కోసం ఒక బీదవాడి పొట్ట కొట్టాము. ఆయనకు ఈ సభాముఖంగా క్షమాపణ చెప్పుకోవలసి ఉంది, చెప్పుకుంటున్నాము.

కొద్ది రోజులకు ఆ కుర్రాళ్ళలో ఒకడు వచ్చి, "సార్, ఆ రాత్రి మీకు ఫోన్ చేస్తే ఏం చేసేవాళ్ళు?" అని అడిగాడు. మాకు జవాబు తోచలేదు. బెత్తం పట్టుకుని వచ్చేవాళ్ళమేమో. వాడికీ అదే అనిపించి ఉంటుంది. అందుకే చేయలేదు.

ఇక చట్టం సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మరాదు. గోవాలో ఆ వయసు 18, కేరళలో 23, గుజరాత్, బీహార్‌లలో అసలే నిషేధం. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు. చట్టం పనికిరాదని మేము అనము. అమెరికాలో 1984లో చట్టం చేసి, 1988 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ వయసును 21కి తెచ్చారు. అక్కడ కుర్రవాళ్ళ రోడ్డు ప్రమాదాల చావులు తగ్గాయి. అయితే అక్కడి కాలేజీల్లో ఒక్క రాత్రిలో మితిమీరి తాగడం నేటికీ ఉంది. ఎందుకంటే చట్టం దుకాణం బల్ల దగ్గర ఆగిపోతుంది. మన ఊరి సంగతీ అంతే. ఆ రాత్రి బాటిళ్ళు కొన్నవాడికి ఇరవై రెండేళ్ళు. చట్టప్రకారం కొన్నాడు. తాగినవాళ్ళు ఆరుగురు.

ఈ మితిమీరి తాగడానికి ఒక లెక్క ఉంది. ఒక్క బైఠక్‌లో 60 గ్రాములు, అంతకు మించి స్వచ్ఛమైన ఆల్కహాలు పుచ్చుకుంటే దాన్ని ప్రమాదకరమైన మోతాదుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కడుతుంది. మన దుకాణాల్లో దొరికే క్వార్టర్ సీసాలో 180 మిల్లీలీటర్లుంటుంది, అందులో ఆల్కహాలు నూటికి 42.8 వంతులు. లెక్క కట్టి చూడండి, సుమారు 60 గ్రాములే! అంటే కుర్రాళ్ళు "ఒక్క క్వార్టరేగా" అనుకునేదే ఆ హద్దు. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే కరిగించగలదు. తాగడం ఆపిన తర్వాత కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. కాబట్టి "పడుకుంటే దిగిపోతుంది" అనేది ప్రాణాంతకమైన మాట.

పిల్లలకు ఇది మనం చెప్పామా? తరగతిలో "షరాబ్ హరామా, హలాలా?" అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో హరామ్ అంటారు. మార్కులు వేసేస్తాము. అక్కడితో సరి. కాని ఖురాన్‌లో ఈ నిషేధం ఒక్క రోజున రాలేదని పెద్దలకు తెలుసు. ముందు బఖరా సూరాలో లాభం కంటే చెడుగే ఎక్కువని తెలిపి, తర్వాత నిసా సూరాలో మత్తులో నమాజు దగ్గరికి రావద్దని చెప్పి, ఆఖరున మాయిదా సూరాలో పూర్తిగా మానమన్నది. మనసులను సిద్ధం చేసి ఆజ్ఞ ఇవ్వడమన్నమాట. మనం ఆజ్ఞ ఒక్కటే ఇచ్చి, చెప్పడం మానేశాము.

మాట్లాడితే ఏమవుతుందో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చూపించారు. వాళ్ళు మొదట చేసిన పని ఇంటి గుట్టును నలుగురిలో చెప్పడం. వయోజన విద్య తరగతుల్లో మొదలైన ఆ మాట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. చట్టాలు వస్తాయి, పోతాయి. ఇంట్లో నోరు తెరవడం మన చేతిలో పని.

కనుక సంఘానికి మూడు మనవులు. మొదటిది, షాదీఖానాలో బారాత్ అయ్యేదాకా ఒక పెద్ద, ఇద్దరు కుర్రవాళ్ళు వెనుక వైపు కనిపెట్టి ఉండాలి. రెండవది, ఏడాదికొకసారి తల్లులతో సహా సభ పెట్టి ఒక డాక్టరు చేత ఈ విషయం చెప్పించాలి. మూడవది అన్నిటికంటే ముఖ్యం. స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా వదలకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పోయరాదు, ఒంటరిగా విడవరాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇది మన ప్రతి పిల్లవాడికీ రావాలి.

తాగినవాణ్ణి మెచ్చుకోమని మేము చెప్పడం లేదు. తప్పు తప్పే, పాపం పాపమే. కాని తౌబా చేయాలన్నా మనిషి బ్రతికి ఉండాలి కదా!

ఆ కుర్రాడి ప్రశ్నకు నాలుగేళ్ళు ఆలస్యంగా ఇదీ మా జవాబు. బేటా, ఏ రాత్రివేళనైనా ఫోన్ చెయ్యి. ముందు ఆసుపత్రికి పోదాం. బెత్తం బడిలోనే ఉంటుంది. మీ అబ్బాకు మరుసటి రోజు మేమే కూర్చుని చెప్తాము. ఈ మాట ఇవ్వగల పెద్దమనిషి మహల్లాకు ఒక్కరుంటే చాలు.

అల్లాహ్ మన పిల్లలను కాపాడుగాక. ఆమీన్. సెలవు, ఖుదా హాఫిజ్.