లెక్కకెక్కని విపత్తులు



విపత్తు అనగానే మనకు 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద, 2020 అక్టోబరులో హైదరాబాదు పాతబస్తీని ముంచిన వాన గుర్తుకు వస్తాయి. అవి చరిత్రకెక్కాయి. మన బస్తీల విపత్తులు మాత్రం ఏ లెక్కకూ ఎక్కవు. గంటసేపు వాన కురిస్తే నాలా పొంగి వంటగదిలోకి వస్తుంది. మురుగు కలిసిన నీళ్లు తాగి పిల్లలు వాంతులు, విరేచనాలతో మంచాన పడతారు. ఇరుకు గల్లీలో నిప్పంటుకుంటే అగ్నిమాపక శకటం లోపలికి రాలేదు. కుట్టుమిషను తడిసిన దర్జీకి రోజుల తరబడి కూలి పోతుంది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం స్థానికుల తట్టుకునే శక్తికి మించినదానినే విపత్తు అంటుంది. పేదలు ఎలాగో తట్టుకుంటున్నారు గనుక వారి నష్టం నష్టమే కాకుండా పోతోంది. అదే చట్టంలోని 61వ సెక్షను పరిహారంలోనూ, సహాయంలోనూ మతం, కులం, స్త్రీపురుష భేదం చూపరాదని చెబుతోంది. ఆ హక్కును అడగాలంటే చేతిలో ఆధారం ఉండాలి.

గుమాస్తాలుగా పనిచేసిన మాకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది: కాగితం మీద లేనిది కార్యాలయానికి కనబడదు. కనుక ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహిళా సంఘం ఒక రిజిస్టరు పెట్టాలి. తేదీ, గల్లీ, ఇళ్ల సంఖ్య, నష్టం అందులో రాయాలి. పక్క వీధి హిందూ కుటుంబాల నష్టాన్నీ అందులోనే చేర్చాలి. నాలా మతం అడిగి పొంగదు. వానాకాలానికి ముందే నకలు పురపాలక కార్యాలయంలో ఇచ్చి, ఇన్‌వార్డు నంబరు వేయించుకుందాం.

దువా చేద్దాం, దరఖాస్తూ పెడదాం.