ఇంటిలోని ఫోను ఎవరిది?

(సంఘము వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠము)

2016 అక్టోబరులో మన రెండు జిల్లాలు, మళ్లీ 2019 ఫిబ్రవరిలో మహబూబ్‌నగరు ముక్కలై ఎన్నో జిల్లాలయినవి. అయినను మన నోటికి పాలమూరు పాలమూరే, నల్లగొండ నల్లగొండే. కావున ఆ పాత పేర్లతోనే మాట్లాడుకొందాము.

మాకు అప్పగించిన విషయము తీగ లేకుండ వచ్చే ఇంటర్నెట్టు, దానిని పట్టే యంత్రాలు. ఇది పోరగాళ్ల సంగతి గదా, పెద్దవాళ్లు మీకెందుకని కొందరు నవ్వినారు. నవ్వనీయండి. ఒకప్పుడు మన సంఘము ఆఫీసుకు రేషను కార్డు రాలేదని, ఆదాయపు సర్టిఫికెట్టు ఇస్తలేరని వచ్చేవారు. ఇప్పుడు వచ్చేవారిలో చాలమంది గుమ్మములోనే నిలబడి, "ఓటీపీ వస్తలేదు సాబ్" అంటున్నారు. కనుక ఇది సంక్షేమ సంఘము విషయమే.

ఈ ఫోన్ల గురించి మన బస్తీలలో రెండు రకముల వాదనలు నడుస్తున్నవి. ఒకటి హోటలులో జరిగే వాదన. చాయ్ చల్లారేదాకా, "దీనిల ర్యామెంత భాయ్, కెమెరా ఎట్లుంటది, ఫైవ్‌జీ పడతదా" అని. 2022 అక్టోబరు 1న దేశములో ఫైవ్‌జీ ప్రారంభమైన తర్వాత, నిన్నటిదాకా బాగున్న ఫోను ఒక్క దినములో పాతబడిపోయినది. రెండవది నమాజు తర్వాత అరుగు మీద పెద్దలు చేసే వాదన. "ఈ ఫోన్లు వచ్చి పిల్లలు ఖరాబైపోయిన్రు, అసలు ఇయ్యొద్దు" అని. ఒకరు యంత్రమును పొగుడుచున్నారు, ఒకరు తిట్టుచున్నారు. ఇద్దరి చూపూ యంత్రము మీదనే. ఇంట్లో అది ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి చేతికి రావడము లేదు అని అడిగేవారు మాకు అగుపడలేదు. ఈ పూట మేము అడగదలచినది అదొక్కటే.

ఒక లెక్క మనవి చేస్తాము. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన తెలంగాణలో 2019లో జరిగినది. ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్టు వాడినారా అని అడిగితే పురుషులలో నూటికి 57 మంది, స్త్రీలలో నూటికి 26 మంది వాడినామని చెప్పినారు. ఇది అన్ని మతాలవారిని, పట్నమును, పల్లెను కలిపి తీసిన లెక్క. సగానికంటె తక్కువ. ఆ తర్వాత ఫోన్లు పెరిగినవి, నిజమే. కాని మన ఇండ్లలో వాటా మారినదా అనునది ఎవరి ఇంటిని వారే చూచుకోవలె.

గాలిలో వచ్చే మాట మనకు కొత్తది కాదు. నిజాము కాలములో 1935లో దక్కన్ రేడియో మొదలయినది. 1950 ఏప్రిల్ 1న దానిని భారత ప్రభుత్వము తీసుకొన్నది; అది ఆకాశవాణిలో కలిసినది. మొన్నమొన్న 1980ల నడిమి వరకు రేడియో పెట్టె ఇంట్లో ఉంటే పోస్టాఫీసుకు పోయి లైసెన్సు రుసుము కట్టవలసి యుండెను. ఆ చిన్న పుస్తకము ఇంకను ట్రంకు పెట్టెలో దాచుకొన్నవారు ఈ సభలో ఉండే ఉంటారు. ప్రతి కొత్త యంత్రమునకు అభ్యంతరము వచ్చినది. నమాజుకు లౌడుస్పీకరు వాడవచ్చునా అని మన ఉలమాల మధ్య పెద్ద పెద్ద చర్చలే జరిగినవి. ఇప్పుడు అది లేని మసీదు ఏది?

అన్నిటికంటె మన పాలమూరుకు సంబంధించిన ముచ్చట ఒకటున్నది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సరిగా ఒక్క సంవత్సరము, అమెరికా వారి ఏటీఎస్-6 అనే ఉపగ్రహమును అడిగి తెచ్చుకొని మన దేశము పల్లెలకు టెలివిజను చూపించినది. దాని పేరు సైట్. ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలు. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకొన్న జిల్లాలలో మహబూబ్‌నగరు ఒకటి. కోళ్ల గూటి జాలీతో చేసిన పది అడుగుల గొడుగు ఒకటి ఊరి మీద నిలబెట్టి, ఆకాశము నుండి నేరుగా బొమ్మ దింపినారు. ప్రొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము, తెలుగులోనే. హైదరాబాదు నగరములో ఇంకా టెలివిజను ప్రసార కేంద్రము లేని రోజులలో పాలమూరు పల్లె టీవీ చూచినది!

ఆ పెట్టె ఏ ఒక్క ఇంటిది కాదు. ఎక్కువగా బడిలో పెట్టినారు. ఎవరిదీ కాదు గనుక అందరిదీ అయినది. పటేలు ముందు కూర్చుంటే కూర్చొని ఉండవచ్చు, కాని వెనుక వరుసలో కూర్చొన్న ఆడపిల్ల కంటికి గూడ బొమ్మ అదే. ఈనాడు ఏమయినది? పెట్టె చిన్నదై జేబులోనికి వచ్చినది. ఎవరి జేబు? చొక్కాకు జేబుంటది. మా చెల్లెండ్ల దుస్తులకు దర్జీ జేబు కుట్టడు.

2016 సెప్టెంబరులో ఒక కంపెనీ 4జీ డేటాను కొన్ని నెలలపాటు ఊరకనే ఇచ్చినది. అక్కడి నుండి ధరలు పడిపోయి ఇంటర్నెట్టు కూలి చేసుకొనేవారి దాకా వచ్చినది. వలస పోయిన మన పాలమూరు మేస్త్రీ, బొంబాయిలోనో పూణెలోనో ఇటుకల మధ్య నిలబడి రాత్రి పూట పిల్లల ముఖము చూస్తూ మాట్లాడగలుగుచున్నాడు. దీనిని కాదనేవారు ఎవరు? మొన్న మొన్నటి దాకా ఒక ఉత్తరము కోసము నెల చూచిన తల్లులు మనలో ఉన్నారు.

కాని 2020 వచ్చినది. మార్చిలో బడులు మూతపడినవి. సెప్టెంబరు 1 నుండి ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు చెప్పించినది. టీవీ ఉన్న ఇంట్లో కొంత నడిచినది. ప్రైవేటు బడులు మాత్రము ఫోనులోనే పాఠము అన్నవి. ఇంటికి ఒకటే ఫోను. అది తండ్రితో పనికి పోతుంది, లేదా పెద్ద కొడుకు దగ్గర ఉంటుంది. అన్నకు ఇంటరు పరీక్షలని అన్నకు ఇచ్చినారు, తమ్ముడు ఏడ్చినాడని తమ్మునికి ఇచ్చినారు. ఎనిమిదో తరగతి ఆడబిడ్డ వంటింట్లో ఉన్నది. బడులు తెరిచిన తర్వాత బస్తీలలో తిరిగినప్పుడు మేము చూచినది ఇదే. కొందరు బిడ్డలు బడికి మళ్లీ రానే లేదు. అప్పటికే సంబంధము కుదిరినది. ఆ నష్టమును ఏ రిజిస్టరులో రాయవలెనో మాకు తెలియలేదు.

ఇక దరఖాస్తుల సంగతి. స్కాలర్‌షిప్పుకు ఈ-పాస్. 2014 అక్టోబరు 2న మొదలయిన షాదీ ముబారక్ పథకమునకు గూడ కాగితము ఆన్‌లైనులోనే పెట్టవలె. వీటికన్నిటికి ఆధార్, ఆధార్‌కు ఒక ఫోను నంబరు. ఆ నంబరు ఎవరిది? దేవరకొండ వైపు నుండి ఒక డిగ్రీ విద్యార్థిని మన ఆఫీసుకు వచ్చినది. ఆధార్‌కు కలిపిన నంబరు అన్నది. అన్న పూణెలో ఉన్నాడు. ఫోను చేస్తే, "ఆ సిమ్ము ఎప్పుడో పారేసిన చెల్లె, రీఛార్జి మీద పైసలు దండుగ" అన్నాడు. చివరి తేదీ రెండు రోజులలో ఉన్నది. ఆ బిడ్డ వేలిముద్ర పెట్టి నంబరు మార్పించుకొనేటందుకు పోయినది; అది ఎక్కే లోపల గడువు దాటినది. ఒక సంవత్సరము ఫీజు పోయినది. ఆమె తప్పేమి?

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మూతపడిన నంబరును 90 రోజుల వరకు ఇతరులకు ఇవ్వరు, ఆ తర్వాత ఇవ్వవచ్చునని టెలికాము నియంత్రణ సంస్థ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పినది. అనగా మీరు పారేసిన సిమ్ము నంబరు రేపు ఏ ఊరివాని చేతిలోనో పడుతుంది, మీ బ్యాంకు ఓటీపీ వానికి పోతుంది. కావున నంబరు వదిలేముందు ఆధార్‌లోను, బ్యాంకులోను మార్పించి వదలండి. పద్దెనిమిది నిండిన ఆడబిడ్డకు ఆమె పేరు మీదనే సిమ్ము తీసి, ఆమె ఆధార్‌కు అదే నంబరు కలపండి. ఫోను తర్వాత సంగతి. ముందు నంబరు ఆమెది కావలె.

"అదంతా నిజమే గాని, ఆడపిల్లకు ఫోను ఇస్తే ఏమైతదో మీకు తెల్వదా?" అని అడిగే తండ్రులున్నారు. వారిని మేము చిన్నబుచ్చము. ఫోటోలు దొంగిలించి బెదిరించినవారున్నారు. 2020లో అప్పుల యాప్‌ల వేధింపులకు మన రాష్ట్రములోనే ప్రాణాలు పోయినవి. భయమునకు కారణమున్నది. కాని ఆ భయమునకు మగపిల్లలు అతీతులా? పందెపు ఆటలలో ఇల్లు గుల్ల చేసినది ఎవరు? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను మన రాష్ట్రము 2017లోనే నిషేధించినది, 2025లో పార్లమెంటు గూడ చట్టము చేసినది. చట్టము చేయవలసినంత దూరము పోయినది ఎవరి వల్లనో బస్తీలో అందరికి తెలుసు. అయినను వాని చేతిలోని ఫోను ఎవ్వరూ గుంజుకోలేదు. మోసము జరిగితే వెంటనే 1930 నంబరుకు చెప్పవలెనన్న సంగతి కొడుకుకు ఎంత తెలియవలెనో బిడ్డకూ అంతే తెలియవలె. తండ్రి తిడతాడని దాచిపెట్టే ఇంట్లోనే దొంగకు బలము.

కేరళలో కోళికోడు జిల్లాలో ఒక కళాశాల హాస్టలులో ఆడపిల్లలు సాయంత్రము ఆరు నుండి రాత్రి పది వరకు ఫోను అప్పగించవలెనని నియమము పెట్టినారు. ఒక ముస్లిం విద్యార్థిని ఒప్పుకోలేదు. హాస్టలు నుండి వెళ్లగొట్టినారు. తండ్రి ఆమె పక్షమున నిలిచినాడు. హైకోర్టుకు పోయినది. 2019 సెప్టెంబరు 19న తీర్పు వచ్చినది: ఇంటర్నెట్టు అందుబాటు చదువు హక్కులోను, వ్యక్తి గోప్యతలోను భాగమని, ఆమెను తిరిగి చేర్చుకోవలెనని. తీర్పుకంటె మాకు ఆ తండ్రి ఎక్కువ నచ్చినాడు.

కొనుగోలు సంగతి రెండు మాటలు. "సున్నా వడ్డీ" అని బోర్డు పెట్టి నెలసరి కిస్తీల మీద ఫోన్లు అమ్ముతున్నారు. వడ్డీ లేదు గదా, హలాలే గదా అని మన యువకులు సంబరపడుతున్నారు. రిజర్వు బ్యాంకు 2013లోనే సున్నా వడ్డీ అనేదే లేదని, దానిని ప్రాసెసింగు ఫీజు లాంటి పేర్లతో దాస్తున్నారని బ్యాంకులను మందలించినది. కాగితము మీద అన్ని ఖర్చులు కూడి చూడండి. రొక్కముగా కొంటే ఎంత తగ్గించేవాడో గూడ అడగండి. ఆ తేడా పేరేమిటో మౌల్వీ సాబ్‌ను అడగనక్కర లేదు. పెండ్లిలో అల్లునికి ఖరీదైన ఫోను అడగడము కొత్తగా మొదలయినది. దాని గురించి ఈ సభలో మాట్లాడితే కొందరు లేచిపోతారు, మళ్లీ వచ్చే సంవత్సరము చూచుకొందాము.

వైఫై అంటే ఇంట్లోని ఒక చిన్న రేడియో స్టేషను. రేడియో వినేటందుకే లైసెన్సు అడిగిన దేశములో, ఈ స్టేషను నడిపేటందుకు లైసెన్సు అక్కర లేదు, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లోనే విడిచిపెట్టినారు. కొత్త పెట్టెలలో 5 గిగాహెర్ట్జ్ అని ఇంకొకటి గూడ ఉంటుంది. మొదటిది దూరము పోతుంది, వేగము తక్కువ. రెండవది వేగము ఎక్కువ, గోడను దాటేసరికి బలహీనపడుతుంది. మన పాత ఇండ్లవి రాతి గోడలు, మూరెడు మందము. పెట్టెను ఇనుప బీరువా వెనుక దాచి "నెట్టు వస్తలేదు" అంటే ఎక్కడి నుండి వస్తుంది? ఇంటి నడుమ, మనిషి ఎత్తుకు పైన, తెరిచి పెట్టండి. తరంగాలతో రోగాలొస్తాయని అడిగేవారికి: ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2011లో వీటిని "కావచ్చునేమో" అన్న తరగతిలో ఉంచినది, రుజువైనదని అనలేదు. మన దేశము 2012లో టవర్ల పరిమితిని అంతర్జాతీయ కొలతలో పదో వంతుకు తగ్గించినది.

సిమ్ము లేని పాత ఫోను గూడ వైఫై ఉంటే పాఠము చూపుతుంది, దరఖాస్తు నింపుతుంది. ఇదే మా ప్రతిపాదనకు మూలము. మన సంఘపు గది మధ్యాహ్నము రెండు నుండి ఐదు వరకు ఖాళీగా ఉంటున్నది. అక్కడ ఒక కనెక్షను, నాలుగు బల్లలు, సభ్యులు ఇచ్చే పాత ఫోన్లు. ఆ మూడు గంటలు ఆడపిల్లలకు. 1975 నాటి బడిలోని పెట్టె వలె, ఎవరి ఇంటిదీ కాని యంత్రము. తాళపు చెవి మన కమిటీవారి దగ్గర గాక, రిటైరయిన పంతులమ్మ ఒకరు ఒప్పుకొన్నారు, వారి దగ్గర ఉంటుంది. నెల ఖర్చు సంగతి కోశాధికారి గారితో మాట్లాడినాము, వారు తల ఊపినారు. ఏ వైపు ఊపినారో ఇంకా తేలలేదు. బ్యాంకు పనులు మాత్రము ఆ ఫోన్లలో చేయరాదని గోడ మీద రాయిస్తాము, పాతవాటికి కంపెనీలు మరమ్మతు పంపడము మానేస్తాయి గనుక.

ఫోను ఇవ్వదలచినవారు సిమ్ము తీసి, ఫోటోలన్నీ తుడిచి, తాళము గుర్తు చెరిపి, ఛార్జరుతో సహా ఇవ్వవలసినదిగా కోరుచున్నాము. ఛార్జరు లేని ఫోన్లు ఇప్పటికే మూడు వచ్చి బల్ల సొరుగులో పడి ఉన్నవి.