కొలువు ప్రజలది, పక్షముది కాదు

(మార్కాపురము పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



మన మార్కాపురము పలకలకు పేరుపొందిన ఊరు. పలకకు ఒక గుణము కలదు. ఎంత చక్కగ వ్రాసినను, తడిగుడ్డతో తుడిచిన చాలును, మరల నల్లనిదగును. బిడ్డల చదువునకు అది మేలే. కాని గ్రామపరిపాలనము పలకమీది వ్రాత కారాదు. ఎన్నికలు ముగియుటతోడనే పాతపేరులు తుడిచి క్రొత్తపేరులు వ్రాయు ఆచారము మన పల్లెలలో వేళ్లూనుచున్నది. దానిని గూర్చియే నేడు మీతో నాలుగుమాటలు చెప్పదలచితిమి.

ఉపాధిపనుల ఫీల్డు అసిస్టెంటు, బడిలో మధ్యాహ్నభోజనము వండు తల్లి, చౌకడిపో డీలరు, విద్యుత్ సబ్‌స్టేషనులో షిఫ్టు ఆపరేటరు: వీరికి ముట్టు సొమ్ము స్వల్పము. అయినను ప్రభుత్వము మారినప్పుడెల్ల మొదట కదలునవి వీరి స్థానములే. ఇది ఏదో యొక పక్షముమీది నింద కాదు. అధికారము చెలాయించిన పక్షములన్నిటిమీదను వచ్చిన ఫిర్యాదే. నిన్న అన్యాయమని మొరపెట్టినవారే నేడు అదే పని చేయుచు, ఇది న్యాయమందురు.

ఈ నష్టము కొలువు పోయినవానితో ముగియదు. గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము, మార్కాపురము ప్రాంతములు వానను నమ్ముకొని బ్రతుకునవి. వాన తప్పిన యేట కూలివానికి ఉపాధిపనియో, వలసయో, రెండే దారులు. మస్టరులో పేరు వ్రాయు చేయి ఒక పక్షముది యైనచో, పని యడుగబోవువాడు ముందుగా తన ఓటునకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చును. రహస్యముగ వేసిన ఓటు రచ్చబండమీదికి వచ్చును. అట్టిచోట స్వాతంత్ర్యము పేరునకు మాత్రమే మిగులును.

పూర్వకథ కొంత తలచుకొందము. మన తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండెను. ఆనాటి పల్లెకు కరణము, మునసబు ప్రభువులు. ఆ కొలువులు తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడివి; మద్రాసు రాజధానిలో 1895 నాటి చట్టము ఆ వారసత్వమునకు అండ. గుంటూరు జిల్లాలో ఒక మునసబు కొలువును గూర్చి వివాదము పుట్టి సుప్రీంకోర్టువరకు పోయెను. గ్రామోద్యోగమును ప్రభుత్వ కొలువే గనుక, వంశమును బట్టి ఇచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని ఆ న్యాయస్థానము 1960లో తీర్పు చెప్పెను. 1984లో ఆ పదవులే రద్దయ్యెను. వంశము పోయినది. కాని ఆ ఖాళీపీటమీద పక్షము వచ్చి కూర్చున్నది!

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థానము, నివాసము: వీనిని బట్టి కొలువులలో భేదము చూపరాదని 16వ అధికరణము ఎంచి చెప్పినది. ఆ జాబితాలో రాజకీయాభిప్రాయము లేదు. ఆ సందునుండియే చిక్కు వచ్చినది. జాతీయభద్రతా రక్షణ పేర 1949లో చేసిన రైల్వే నియమముల క్రింద, కమ్యూనిస్టులని కొందరు ఉద్యోగులను తొలగించిరి. బాలకోటయ్య కేసు అని ప్రసిద్ధమైన వివాదములో, 1957లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించెను. అభిప్రాయము మీది, సంఘము మీది. కొలువు మాత్రము మీకు ప్రాథమికహక్కు కాదనుట ఆ తీర్పు సారాంశము.

ఇరువదియైదేండ్లు గడచెను. మధ్యప్రదేశములో ఒక పురపాలక పాఠశాలను ప్రభుత్వము స్వీకరింపగా, అందలి ఉపాధ్యాయుడొకడు ప్రభుత్వోద్యోగి యయ్యెను. అతడు లోగడ ఆర్.ఎస్.ఎస్., జనసంఘముల కార్యక్రమములలో పాల్గొనెనని పోలీసులు నివేదింపగా, కొలువు ఊడెను. 1983లో ఆ తొలగింపు చెల్లదని తీర్పు వ్రాసినవారు, పూర్వము మన రాష్ట్ర హైకోర్టులో న్యాయమూర్తిగా నుండిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. ఆ సంస్థల సిద్ధాంతము మంచిదా, చెడ్డదా యని వారు విచారింపలేదు. అవి నిషిద్ధములు కానప్పుడు, గడచిన రాజకీయమును త్రవ్వితీసి అన్నము తీయుట సమానత్వమునకు భంగమనిరి. ఒకనాడు కమ్యూనిస్టు, ఒకనాడు జనసంఘీయుడు: ఏటి కెదురుగ ఎవడు నిలిచియుండిన వానికే దెబ్బ. కావున ఈ సూత్రము ఒక పక్షపు కవచము కాదు, అందరి కవచము.

ఇక నిన్నమొన్నటి పాఠము. 2019లో రాష్ట్రమున రెండువిధముల నియామకములు ఒక్కయేటనే జరిగెను. గ్రామ, వార్డు సచివాలయములలో 1,26,728 కొలువులకు ప్రకటన యిచ్చి, వ్రాతపరీక్ష పెట్టిరి. వలంటీర్లను మాత్రము, ఇంచుమించు ఏబది యిండ్లకొకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవవేతనముపై, వ్రాతపరీక్ష లేక, మౌఖికముగ ఎంపిక చేసిరి. ఆ యువకులు ఇంటింటికి తిరిగి పాటుపడిరి. ఆ మాట మరువరాదు. కాని వారు పక్షమువారను అనుమానము వారిని వదలలేదు. 2024 మార్చిలో ఎన్నికల సంఘము వారిని పింఛనుల పంపిణీనుండి దూరముంచెను. అనేకులు రాజీనామాలిచ్చిరి. వేతనము పదివేలు చేయుదుమన్న వాగ్దానమును వినవచ్చెను. ఎన్నికలైన పిమ్మట, వారిని కొనసాగించు ఉత్తరువు 2023 ఆగస్టుతోనే ముగిసినదని క్రొత్త ప్రభుత్వము చెప్పెను. పరీక్ష వ్రాసి వచ్చిన సచివాలయోద్యోగులు నిలిచిరి; 2024 జులై మొదటినాడు పింఛను సొమ్ము అవ్వల చేతిలో పెట్టినవారు వారే. దయచే వచ్చినది దయతోనే పోయెను. అర్హతచే వచ్చినది నిలిచెను.

తమ పథకములు నడుపుటకు తమవారు వలదా యని పాలకులు అడుగవచ్చును. మంత్రికి ఆంతరంగిక సలహాదారు తనవాడు కావచ్చును. వాడు మంత్రితో వచ్చి మంత్రితో పోవును. మస్టరు వ్రాయువాడు, బియ్యము తూచువాడు ఊరందరివాడు. ఉద్యోగికిని ఇది వర్తించును. కొలువులో నుండి పక్షములకు పనిచేయరాదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి శాసించుచున్నది. పక్షముచే వచ్చినవాడు ఆ నియమము నెట్లు పాటించును?

దేశములోని రాష్ట్రములలో మొట్టమొదటి సర్వీసు కమీషను, 1929 చట్టముచే, మన తాతలు నివసించిన మద్రాసు రాజధానిలోనే ఏర్పడినది. పెద్దకొలువులకు ఆ కట్టుబాటు చాలవరకు కలదు. గౌరవవేతనమను పేరుగల చిన్నకొలువులకే లేదు. వీనికిని జిల్లాస్థాయిలో బహిరంగ ప్రకటన, పరీక్ష యుండవలెను. మార్కుల జాబితా పంచాయతీ గోడమీద అంటింపవలెను. కారణము వ్రాసి, సంజాయిషీ వినక, ఎవ్వరిని తొలగింపరాదు.

తుదకు మనమాట. సిఫారసు ఉత్తరమునకై నాయకుని వాకిట నిలుచువారము మనమే. మన బిడ్డకు అట్లు దొరికిన కొలువు మరియొకరి బిడ్డనుండి లాగుకొన్నది. రాబోవు ఎన్నికలలో దానిని లాగుకొనువాడును సిద్ధముగనే యుండును. ఆ వాకిలి మనము తొక్కకుందుము. మన ఊరి పలకలమీద బిడ్డలు నేర్చిన అక్షరమే వారికి సిఫారసు కావలెను.