లక్స్ మీటరుకు అందని వెలుగు

  పట్టాలు అందుకున్న మీకు ఈ పూట కప్ప కన్ను గురించి చెబుతాను. వెనక వరసలో నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ ఫోన్లు జేబులో పెట్టి వినండి.

మన కంట్లోని కటకం అతినీలలోహిత కాంతిని దాదాపుగా లోపలికి రానివ్వదు. ఉభయచరాల సంగతి వేరు. కొన్ని సాలమాండర్ల రెటీనాలో ఆ కాంతికే స్పందించే శంకు కణాలున్నాయి. 32 జాతుల కప్పల కటకాలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. అతి ప్రాచీన శాఖకు చెందిన జాతిలో ఆ కాంతి ధారాళంగా లోపలికి పోతోంది. పగలు తిరిగే కొన్ని జాతుల్లో ఊదా కాంతికి కూడా దారి లేదు. కటకం దాటితే చూసినట్టేనా, దాన్ని పట్టుకునే వర్ణకం లోపల ఉండొద్దా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే గట్టిగా తేలిన విషయం మీదే నిలబడతాను. కప్ప రెటీనాలో, మసక వెలుగులో పనిచేసే దండకణాలు రెండు రకాలున్నాయి. ఒక రకం 432 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, రెండోది 500 దాటాక బాగా స్పందిస్తుంది. ఆ రెంటి తేడాతో, మనకు ఏ రంగూ తెలియని చీకట్లో కూడా అది రంగులు పోల్చుకుంటుంది.

నా బెంగ ఇక్కడే. దీపాల వెలుగును మనం లక్సుల్లో కొలుస్తాం. ఆ కొలతకు ఆధారం, మనిషి కన్ను పగటిపూట ఏ కాంతికి ఎంత స్పందిస్తుందో 1924లో ఖాయం చేసిన లెక్క. 555 నానోమీటర్ల దగ్గర నూటికి నూరు మార్కులు, 432 దగ్గర ఒక్కటి, అతినీలలోహితానికి సున్నా. తెల్ల ఎల్‌ఈడీలో అతినీలలోహితం లేదుగా అంటారు. నిజమే, కానీ దాని నీలి శిఖరం 450 దగ్గర, కప్ప దండకణానికి పక్కనే ఉంది. గోదావరి పాయ గౌతమి గట్టు మీద దీపం వేస్తే మీటరు చూపేది మన కంటి లెక్క; పక్క పంటబోదెలోని బోదురుకప్ప లెక్క అందులో లేదు.

కప్పలే దీపాల కింద మూగుతాయి కదా అంటారేమో. అవి వచ్చేది పురుగుల కోసం, వెలుగు సుఖంగా ఉందని కాదు. హఠాత్తుగా వెలుగు పెంచితే చెట్టుకప్పలు ఎరను సరిగ్గా పట్టుకోలేకపోయాయని 1993 నాటి ఒక ప్రయోగం చూపింది. మరి ఆడపిల్లలు రాత్రిపూట క్షేమంగా ఇల్లు చేరొద్దా? చేరాలి, దీపం ఉండాల్సిందే. వెలుగు రోడ్డు మీదే పడేలా పైన మూత పెట్టండి, తెలుపు బదులు పసుపు రంగు కాంతి వాడండి. రేపు మీలో ఎవరో ఒకరు ఆ గౌతమి ఒడ్డునే ఉన్న రావులపాలెం వీధి దీపాల టెండరు రాస్తారు. అందులో లక్సుల పక్కనే, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి వస్తుందో కూడా చూపాలని ఒక షరతు చేర్చండి.